మాండలిన్‌ను మలిచిన మద్రాసు

తోడి రాగంలో గాంధారాన్ని మాండలిన్ మీద పలికించడం ఎంత కష్టమో చేత్తో పట్టి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ స్వరానికి వాద్యం మీద ఒక మెట్టుంది. అక్కడ వేలు ఆనించి మీటితే శ్రుతి సరిగ్గానే వస్తుంది, తోడి మాత్రం రాదు. కింద రిషభానికీ పైన మధ్యమానికీ మధ్య వేలు ఊగుతూ ఉండాలి. గాంధారం మెట్టు మీద నిలవకుండానే గాంధారం వినపడాలి. వీణకైతే పొడుగాటి దండి, తీగ లాగడానికి బోలెడు చోటు. మాండలిన్ మెడ జానెడు, మెట్లు ఇరుకు, మీటిన నాదం చటుక్కున ఆరిపోతుంది. అలాంటి వాద్యం మీద ఉప్పలపు శ్రీనివాస్ తోడి ఆలాపన అందుకుంటే ఎడమచేతి వేలు జారడమే కనపడేది, ఎక్కడ మీటారో తెలిసేది కాదు. తీగ వాద్యం పాడింది అనడానికి అంతకు మించిన సాక్ష్యం నేనెక్కడా వినలేదు.

ఈ వాద్యం ఇటలీలో పుట్టిందంటారు, సినిమా వాద్యబృందాల్లో చేరి మనకు దగ్గరైందంటారు. అదెలా వచ్చినా, కచేరీలో దానికి పెద్దపీట వేసినవాడు 1969లో పాలకొల్లులో పుట్టిన ఈ కుర్రాడే. ఆరేళ్లప్పుడు తండ్రి సత్యనారాయణగారి వాద్యం చూసి ముచ్చటపడ్డాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. కీలకమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి గొంతు ఎటు వెళితే చెయ్యి అటు వెళ్లింది. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలు, ఎనిమిది తీగలు. గమకం లాగితే జతలోని రెండు తీగలూ ఒకే తీరున సాగవు, నాదం చీలిపోతుంది. శ్రీనివాస్ ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు, ఐదో తీగ చేర్చారు. మెల్లగా మీటినా నాదం నిలిచింది. కరెంటు వాద్యానికి కర్ణాటక సంగీతమేమిటని నొసలు చిట్లించిన పెద్దలు ఆయన రాగం విన్నాక మెత్తబడ్డారు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబర్ సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద ఆ పిల్లవాడు వాయించాడు. మరో రెండేళ్లకే బెర్లిన్ జాజ్ ఉత్సవం! ఆ చేతికి మద్రాసు ఏమిచ్చిందో, గోదావరి జిల్లా నుంచి అదే ఊరికి వచ్చి మాండలిన్ మీటుకుంటున్న నేను కొంత చెప్పగలను. ఈ ఊరు చెవినిస్తుంది. సభలో రెండో వరసలో కూర్చున్న పెద్దాయన తొడ మీద తాళం వేస్తుంటాడు. ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, తప్పితే ఆ చెయ్యి ఆగుతుంది. మైలాపూర్‌లో నా గది కింది వాటాలో ఉండే మామి ఒకనాడు కూర తరుగుతూనే, "ఏంటి బాబూ, భైరవిలో ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం కదా, దిగేటప్పుడిది వాయిస్తున్నావేం?" అంది. అద్దె, ట్రాఫిక్, పూట గడవడానికి రికార్డింగులు, అన్నీ ఒంటిని పిండేస్తాయి. అయినా ఇంటి వాకిట్లో ఇలా తప్పు దిద్దే మనిషి దొరకడం మహాభాగ్యం. వచ్చిన కొత్తలో నన్ను గుర్తించాలని వేగం చూపించాను. విళంబకాలంలో ఒక కీర్తన నిలబెట్టాలన్న కోరిక ఈ చెవుల మధ్య బతికాకే పుట్టింది.

మంగళూరు వైపు నుంచి వచ్చిన కద్రి గోపాల్‌నాథ్ శాక్సోఫోన్ కూడా టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర ఇక్కడే పదునెక్కింది. మనవాళ్లను తలచుకుంటే గర్వంతోపాటు కడుపు రగులుతుంది. విజయనగరం సంగీత కళాశాలను నడిపిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు, కాకినాడ చిట్టిబాబు, శంకరగుప్తం బాలమురళి, అందరూ మద్రాసు చేరినవాళ్లే. కన్నది మనం, విన్నది వాళ్లు. విని నిలబెట్టుకునే సభలు మన ఊళ్లలో ఎన్ని మిగిలాయి?

2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్లకే శ్రీనివాస్ వెళ్లిపోయారు. ఇప్పుడు పెళ్లిపందిట్లో కీబోర్డు వాయించేవాడు బొత్తాం నొక్కి మాండలిన్ అంటున్నాడు. అందులో జారు లేదు, కంపితం లేదు, వేలి బరువు లేదు. ఇక వాద్యం పట్టిన కుర్రాళ్లలో చాలామంది ఆయన ద్రుతకాలాన్నే చూసి వేలికొసలు అరగదీసుకుంటున్నారు. ఆ వేగం వెనక గురువు పాట విని పట్టుకున్న వర్ణాలున్నాయి, గంటల తరబడి అకార సాధనలాంటి జారులున్నాయి. అవి లేని వేగం ఒట్టి టకటక. మన వైపు ఒక సభవారు నన్ను పిలిచి, ఇరవై నిమిషాల్లో రెండు సినిమా పాటలు వాయించి ముగించమన్నారు. మృదంగం వద్దన్నారు, ట్రాక్ పెట్టుకోమన్నారు. నేను వాద్యం విప్పకుండానే తిరిగొచ్చాను.

విజయవాడ, రాజమండ్రి, హైదరాబాదు సభల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒక్క కుర్ర మాండలిన్ కళాకారుణ్ణి పిలవండి. వయొలిన్, మృదంగం, ఘటం పక్కన కూర్చోబెట్టండి. రెండున్నర గంటలివ్వండి. ముందు వరసలో తాళం తెలిసిన నలుగురిని కూర్చోబెట్టండి, తోడి వాయించమనండి.