ఇంజన్ అందుకున్నాకే హెడ్‌లైట్

పాత బుల్లెట్‌నో ఆర్‌ఎక్స్ 100నో విప్పి, తమకు నచ్చినట్టు మళ్లీ కట్టించుకునే కుర్రాళ్లు మన ఊళ్లలో బాగా పెరిగారు. ట్యాంకు వంపు గురించి, సీటు పొడుగు గురించి, సైలెన్సర్ చప్పుడు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. పెయింట్ షేడు కోసం నాలుగు షాపులు తిరుగుతారు. తీరా వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి "ఏదోలా కలిపెయ్యన్నా, లైటు వెలిగితే చాలు" అనేస్తారు. కట్టించిన బండి ఎంత బుద్ధిగా కట్టారో తెలుసుకోవాలంటే నేను మొదట చూసేది ఆ లైటునే. తాళం తిప్పగానే వెలుగుతోందా, ఇంజన్ అందుకున్నాక వెలుగుతోందా? రాత్రిపూట దారిలో ఇంజన్ ఆగిపోతే లైటు ఉంటుందా, పోతుందా? ఈ రెండు ప్రశ్నలూ ముందే వేసుకుని వైరు లాగినవాడి పనికి నేను దణ్ణం పెడతాను.

ఇంజన్ నడిస్తేనే లైటు వెలగడం మన బళ్లకు కొత్త సంగతి కాదు. బ్యాటరీ లేకుండా వచ్చిన పాత బజాజ్ స్కూటర్లలో వేరే దారే లేదు. ఆర్‌ఎక్స్ 100లోనూ, ఆ తర్వాత ఊరూరా కనిపించిన హీరో హోండా స్ప్లెండర్‌లోనూ హెడ్‌లైట్‌కి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, మ్యాగ్నెట్ దగ్గరి లైటింగ్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. మ్యాగ్నెట్ తిరిగితే కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది, ఆగితే లేదు. అందుకే సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో లైటు గుడ్డిగా ఉండేది, రేస్ ఇస్తే తెల్లగా కాంతి వచ్చేది. రెగ్యులేటర్ పోయిన రోజున గట్టిగా రేస్ ఇస్తే బల్బు ఎగిరిపోయేది. 12 వోల్టుల పాత బుల్లెట్లలోనూ స్టేటర్ (కాయిల్స్ ఉండే భాగం) నుంచి వచ్చే వైర్లలో ఒక జత హెడ్‌లైట్‌కి, ఇంకో జత బ్యాటరీ చార్జింగ్‌కి వెళ్లేవి.

ఆ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా, అసలు లేకపోయినా, కిక్ కొట్టి ఇంజన్ లేపగలిగితే లైటు ఉంటుంది. తాళం తిప్పి మరిచిపోయి టీ తాగడానికి వెళ్లినా హెడ్‌లైట్ వల్ల బ్యాటరీ దిగదు. ఎవరూ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టలేదు, ఎవరూ లెక్కలు వేయలేదు. కాయిల్ స్వభావమే అది.

కస్టమ్ బండి కట్టేటప్పుడు ఈ సుగుణం చేజారుతుంది. 35 వాట్ల బల్బు తీసి 60/55 వాట్ల హెచ్4 బల్బు పెడతారు, లేదా ఎల్‌ఈడీ పెడతారు. పాత లైటింగ్ కాయిల్ హెచ్4ని మోయలేదు. ఎల్‌ఈడీని నేరుగా ఏసీ మీద పెడితే మిణుకుమిణుకుమంటుంది. అందుకని స్టేటర్ మార్చి, కాయిల్స్ అన్నీ కలిపి, రెక్టిఫైయర్ ద్వారా మొత్తం డీసీ చేసేస్తారు. అది సరైన పనే. లైటు నిలకడగా ఉంటుంది, ఐడ్లింగ్‌లోనూ రోడ్డు కనిపిస్తుంది. కానీ ఇక్కడే లైటుకీ ఇంజన్‌కీ ఉన్న ముడి తెగిపోతుంది. ఇక తాళం తిప్పితే చాలు, లైటు బ్యాటరీని తాగడం మొదలుపెడుతుంది.

ఎంత తాగుతుందో లెక్క వేసుకుందాం. 55 వాట్ల డిమ్ 12 వోల్టుల దగ్గర దాదాపు 4.6 యాంపియర్లు లాగుతుంది. సీటు కింద ఖాళీ కనబడాలని చాలామంది 5 యాంపియర్-అవర్ బ్యాటరీయో, ఇంకా చిన్నదో పెట్టిస్తారు. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి పది నిమిషాలు కార్బొరేటర్ చూసుకుంటే ముప్పావు యాంపియర్-అవర్ పోయినట్టే. అలా రెండుసార్లు జరిగిందంటే సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటుంది. సెల్ఫ్ మోటారు ఆ రెండు మూడు సెకన్లలో పదుల యాంపియర్లు లాగుతుంది. బ్యాటరీ వోల్టేజీ పదికి అటూ ఇటూ జారుతుంది. సరిగ్గా ఇగ్నిషన్‌కి మంచి స్పార్క్ కావలసిన క్షణమది. అప్పుడు హెడ్‌లైట్ కూడా వాటా అడగడం అన్యాయం.

కాబట్టి తెగిన ముడిని మళ్లీ వేయాలి. దానికి మన ఎలక్ట్రీషియన్ల దగ్గర రకరకాల దారులున్నాయి. అన్నిటికంటే తేలిక హ్యాండిల్ మీద మరో స్విచ్. అది పద్ధతి కాదు, మనిషి జ్ఞాపకశక్తి మీద పెట్టిన భారం. కొందరు ఆయిల్ ప్రెషర్ స్విచ్‌ని వాడుకుంటారు. ప్రెషర్ లేనప్పుడు అది ఎర్త్ అయి ఉంటుంది, ఇంజన్ నడిచి ప్రెషర్ రాగానే విడిపోతుంది. రిలేలో కాయిల్‌కి కరెంటు లేనప్పుడు కలిసి ఉండే 87ఏ పిన్ను వాడితే దాంతో పని అవుతుంది కానీ ఆ స్విచ్ ఉన్న బళ్లు మన కస్టమ్ లోకంలో తక్కువ. ఇంకొందరు వోల్టేజీ కొలిచే చిన్న సర్క్యూట్ పెడతారు. నిలకడగా ఉన్న మంచి బ్యాటరీ 12.6 దగ్గర, చార్జింగ్ అవుతున్నది 14 దగ్గర ఉంటుంది గనుక 13.2 దాటితే లైటు వెలిగించమని దానికి చెబుతారు. వినడానికి బాగుంటుంది. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ పడిపోయి, బ్రేక్ లైటూ ఇండికేటర్లూ కలిసి వెలిగేసరికి వోల్టేజీ ఆ గీత కిందికి దిగి హెడ్‌లైట్ కొట్టుకోవడం మొదలవుతుంది. నాకు నచ్చదు.

నాకు నచ్చే పద్ధతి స్టేటర్‌నే సాక్షిగా పెట్టుకోవడం. ఇంజన్ తిరుగుతోందని స్టేటర్ కంటే నిజంగా చెప్పగలిగేది బండిలో మరొకటి లేదు. స్టేటర్ నుంచి రెక్టిఫైయర్‌కి వెళ్లే వైర్లలో ఒకదాని నుంచి సన్నటి వైరు తీసి, ఒక యాంపియర్ ఫ్యూజ్ వేసి, ఒక డయోడ్ గుండా రిలే కాయిల్‌కి ఇస్తారు. అంతే. డయోడ్ మీద తెల్ల గీత ఉన్న వైపు రిలే వైపుకు ఉండాలి. 1ఎన్4007 డయోడ్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో టీ ఖరీదు కూడా ఉండదు. డయోడ్ లేకుండా ఏసీని నేరుగా ఇస్తే రిలే కందిరీగలా జుయ్యిమంటుంది, దాని పాయింట్లు కాలిపోతాయి.

డయోడ్ పెట్టినా కొన్ని బళ్లలో ఆ మోత పూర్తిగా పోదు. అప్పుడు చాలామంది రిలే మంచిది కాదనుకుని మార్చేస్తారు. తప్పు రిలేది కాదు. మామూలు రెగ్యులేటర్లు బ్యాటరీ నిండాక మిగులు కరెంటుని స్టేటర్ వైర్లను షార్ట్ చేసి అణిచేస్తాయి. అంటే ఇంజన్ జోరుగా తిరుగుతున్నప్పుడే మనం తీసుకున్న ఆనవాలు ముక్కలుముక్కలుగా వస్తుంది. దానికి మందు కెపాసిటర్. రిలే కాయిల్ నిరోధం 90 ఓమ్‌లు అనుకుంటే 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ సుమారు 40 మిల్లీసెకన్లు ఊపిరి నిలుపుతుంది. ఆరు జతల ధ్రువాలున్న మ్యాగ్నెట్ 1000 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో పది మిల్లీసెకన్లకు ఒక చుట్టు కరెంటు ఇస్తుంది, కాబట్టి ఆ 40 చాలు. కెపాసిటర్‌ని కాయిల్ రెండు పిన్నుల మధ్యనే కలపాలి. రెక్టిఫైయర్ కప్లర్ ఊడితే స్టేటర్ వోల్టేజీ 50, 60 దాకా పోగలదు కనుక 100 వోల్టులది పెట్టడం మంచిది.

ఇక్కడితో చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఇంజన్ నడిస్తే లైటు వెలుగుతోంది, ఆపితే ఆరిపోతోంది, ఇంకేం కావాలి? నేను మాత్రం ఈ బండిని రోడ్డెక్కించను. చీకట్లో అరకు ఘాట్ దిగుతున్నాం అనుకోండి. మలుపులో గేరు తప్పో, పెట్రోలు రిజర్వులోకి వచ్చో ఇంజన్ ఆగింది. బండి మాత్రం పల్లంలో దొర్లుతూనే ఉంది. ఆ క్షణంలోనే ముందు దారి మాయమవుతుంది. ఎదురుగా వచ్చే లారీకి మనం కనిపించం. పాత ఏసీ బళ్లకున్న అసలు లోపం ఇదే. సుగుణంతో పాటు ఈ లోపాన్ని కూడా మళ్లీ తెచ్చిపెట్టుకుంటే రిలే పెట్టి ఏం లాభం?

కవాసాకి వాళ్లు కేఎల్ఆర్ 650 వంటి చాలా మోడళ్లలో దీనికి ఎంతో తెలివైన జవాబు చెప్పారు. తాళం తిప్పితే లైటు వెలగదు. ఇంజన్ స్టార్టయ్యాక వెలుగుతుంది. ఒకసారి వెలిగాక ఇంజన్ ఆగిపోయినా సరే, తాళం తీసేదాకా ఆరదు. మళ్లీ సెల్ఫ్ వేసినప్పుడు మాత్రం ఆ కాసేపు తప్పుకుంటుంది. ఇంజన్ కోసం ఎదురుచూసే లైటు, ఇంజన్‌తో పాటు చావని లైటు. కస్టమ్ బండికి కావలసింది అచ్చంగా ఇదే, దీనికి అయ్యే అదనపు ఖర్చు ఇంకో డయోడ్.

ఎలాగంటే, తాళం నుంచి వచ్చే కరెంటు పది యాంపియర్ల ఫ్యూజ్ దాటి రిలే 30వ పిన్నుకి వస్తుంది. 87 నుంచి డిమ్-డిప్ స్విచ్‌కి, అక్కడి నుంచి బల్బుకి. కాయిల్ పిన్నుల్లో 85 ఎర్త్‌కి. స్టేటర్ ఆనవాలు మొదటి డయోడ్ గుండా 86కి. ఇప్పుడు రెండో డయోడ్‌ని 87 నుంచి 86కి వేయాలి, గీత 86 వైపు. స్టేటర్ ఒక్కసారి రిలేని లాగిందంటే 87లోకి కరెంటు వస్తుంది, ఆ కరెంటే రెండో డయోడ్ గుండా కాయిల్‌కి చేరి రిలేని పట్టుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత స్టేటర్ వైరు తెగిపోయినా లైటు పోదు. కెపాసిటర్ మీద భారమూ తగ్గుతుంది.

సెల్ఫ్ ఉన్న బండిలో ఇంకో చిట్కా ఉంది, అది నన్ను ఎప్పుడూ ముచ్చటపరుస్తుంది. 85ని నేరుగా ఎర్త్ చేయకుండా, సెల్ఫ్ బటన్ నుంచి సెల్ఫ్ రిలేకి వెళ్లే వైరుకి కలుపుతారు. బటన్ నొక్కనప్పుడు సెల్ఫ్ రిలే కాయిల్ గుండా 85కి ఎర్త్ దొరుకుతుంది. హెడ్‌లైట్ రిలే తీసుకునే కొద్దిపాటి కరెంటు సెల్ఫ్‌ని కదిలించలేదు. బటన్ నొక్కగానే ఆ వైరులో 12 వోల్టులు వస్తాయి. కాయిల్ రెండు కొసలా ఒకే వోల్టేజీ అయ్యేసరికి రిలే వదిలేస్తుంది, లైటు ఆరి బ్యాటరీ మొత్తం సెల్ఫ్‌కి దక్కుతుంది. బటన్ వదిలాక ఇంజన్ తిరుగుతుంటే స్టేటర్ మళ్లీ లాగుతుంది. అయితే బటన్ పాజిటివ్‌ని కలిపే బళ్లకే ఇది నప్పుతుంది. కొన్ని బళ్లలో బటన్ ఎర్త్‌ని కలుపుతుంది, ముందు టెస్ట్ ల్యాంప్‌తో చూసుకోవాలి.

డ్రాయింగ్ ఎంత బాగున్నా చేతిపని బాగుండకపోతే వ్యర్థం. పౌడర్ కోటింగ్ చేసిన ఛాసిస్ మీద ఎర్త్ బోల్టు బిగిస్తే కింద పెయింట్ ఉంటుంది, కరెంటుకి దారి ఉండదు. ఆ ఒక్క చోట పెయింట్ గీకి, స్టార్ వాషర్ వేసి, పైన వాజలీన్ రాయాలి. హెడ్‌లైట్ ఎర్త్‌ని హ్యాండిల్ బేరింగుల మీద వదిలేయకుండా బ్యాటరీ నెగిటివ్ దాకా వేరే వైరు లాగాలి. లైటు వైరు 1.5 స్క్వేర్ ఎం.ఎం. ఉండాలి, రిలే కాయిల్‌కి సన్నది చాలు. దారిలో పది శాతం వోల్టేజీ పోతే మామూలు బల్బు వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. రిలేకి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చినప్పుడు పాత బండి లైటు కూడా ఒక్కసారిగా తెల్లబడటానికి కారణం కరెంటు నడిచే దారి పొట్టిదవడమే. రిలేని రబ్బరు మీద, పిన్నులు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు నిలవవు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు మే నెల బెజవాడ ఎండకు జిగురు కారి వర్షాకాలానికి విడిపోతుంది. మంచి క్రింపు, దాని మీద హీట్ స్లీవ్, బుల్లెట్ అదురుకి నిలబడేది అదే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త టూవీలర్లన్నిటికీ ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలగాలి, ఆపే స్విచ్ ఉండకూడదు. తొలి రోజుల్లో ఎదురొచ్చిన ప్రతివాళ్లూ వేళ్లు ముడిచి విప్పుతూ "లైటు ఆన్‌లో ఉంది" అని సైగ చేసేవాళ్లు. అలా వచ్చిన బండికి దొంగ స్విచ్ పెట్టించడం నిబంధనను కాదనడమే. పాత బండికి ఈ రిలే పెడితే కొత్త బళ్లకున్న రక్షణ దానికీ వస్తుంది, పగలు కూడా ఎదుటివాడి కంట పడతాం. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కనుక ఛాసిస్, ఇంజన్ వంటివి ముట్టుకునే ముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కోవడం మేలు.

ఎల్‌ఈడీ వచ్చాక ఇదంతా అవసరమా అని అడిగేవాళ్లున్నారు. లోడు సగానికి పైగా తగ్గిన మాట నిజమే. కానీ సెల్ఫ్ వేసినప్పుడు వోల్టేజీ పడిపోతే ఆరి వెలిగే ఎల్‌ఈడీలున్నాయి, చిన్న బ్యాటరీలు ఇంకా చిన్నవయ్యాయి. అవసరం తగ్గిందేమో గానీ తీరిపోలేదు.

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, మీ ఊరి బస్టాండ్ పక్క షెడ్డులోనో ఈ పని చేయగలిగే చేతులు ఉన్నాయి. డబ్బు చేతిలో పెట్టే ముందు ఆయన ఎదురుగానే తాళం తిప్పి చూడండి, లైటు వెలగకూడదు. స్టార్ట్ చేయండి, వెలగాలి. తాళం తీయకుండా ఇంజన్‌ని గేరులో ఆపేయండి, లైటు ఆరకూడదు. తర్వాత ఏ వైరు ఎక్కడికి వెళ్లిందో, ఏ ఫ్యూజ్ ఎక్కడుందో ఆయన చేతే ఒక కాగితం మీద గీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి సీటు కింద అతికించండి. ఇంకో ఊళ్లో, ఇంకో ఎలక్ట్రీషియన్ ముందు మీ బండి ఆగినప్పుడు ఆయనకు ముందుగా కావలసింది ఆ కాగితమే.