ఒకే ఫిల్ముపై రెండు బొమ్మలు

మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ కొబ్బరితోటల్లో పనిచేసిన ఒక తెలుగు కుటుంబం ఆల్బంలో ఈ పెళ్ళిఫొటో చూశాను. పెళ్ళివారి మీదే కొబ్బరిచెట్లూ ఆకాశమూ అచ్చుపడ్డాయి. పాత బాక్సు కెమెరాల్లో చాలావాటికి ఫిల్ము తిప్పకపోయినా షట్టరు పడేది. ఎవరో తిప్పడం మరిచారు, అంతే. "వలస బతుక్కి ప్రతీక" అన్నారు మిత్రులు. నా ఇంజనీరు బుద్ధి ఒప్పుకోలేదు. ఫిల్ముపై పడిన వెలుగు కూడుతుందే గాని తుడుచుకుపోదు. అందుకే ఆకుల చీకటి పడ్డచోట ముఖాలు దక్కాయి, ఆకాశం పడ్డచోట తెల్లబోయాయి. వట్టి కూడిక లెక్క.

అయినా, ఏది ఎక్కడ కనపడాలో ముందే దిద్దుకునే ఫోన్ యాప్ జంటబొమ్మల కంటే ఇదే మేలంటాను. కొబ్బరాకు మేరకే మిగిలిన ఆ పెళ్ళికొడుకు నవ్వు ఎవరికీ ఊహకందదు. పెళ్ళికూతురి ముఖం మీద మాత్రం ఆకాశం పడింది. ఆవిడ ఫొటో ఆ ఇంట్లో ఇంకొకటి లేదట.