గిన్నె చిన్నదైనప్పుడు

పోయిన జనవరిలో మా అమ్మకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి 11 రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికి తీసుకొచ్చేసరికి 51 కిలోల మనిషి 43కు దిగింది. చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి.

నేనేం పెట్టానో చెప్తాను. పొద్దున ఒక ఇడ్లీ, పదకొండింటికి బొప్పాయి ముక్కలు, మధ్యాహ్నం పలుచటి చారుతో మెత్తటి అన్నం, సాయంత్రం కూరగాయల సూపు, రాత్రి గంజి. అన్నీ మంచివే. నెయ్యి చుక్క లేదు, పల్లీ గింజ లేదు. మా వంటింట్లో నెయ్యి డబ్బా కనపడక అప్పటికి రెండేళ్లు. నా ఒళ్లు తగ్గించుకోవడానికి నేను పెట్టుకున్న నియమం అది. దాన్నే ఏమాత్రం ఆలోచించకుండా అమ్మ కంచంలోకీ తెచ్చాను. నాలుగు ముద్దలకే "కడుపు నిండింది బిడ్డా, ఇంక పోదు" అనేది. నిజంగానే నిండేది. మూడు వారాలయ్యాక తూకం చూస్తే మరో కిలో తగ్గింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కడుపు నిండా పెడుతూనే మా అమ్మను పస్తు ఉంచాను.

లెక్క చాలా చిన్నది. పిండిపదార్థంలోనైనా మాంసకృత్తుల్లోనైనా గ్రాముకు 4 కేలరీలు. కొవ్వులో 9. నీళ్లలో సున్నా. పలుచటి గంజి గ్లాసెడు తాగితే నూరు కేలరీలు కూడా రావు. 100 గ్రాముల పల్లీల్లో 560కి పైగా ఉంటాయి, నువ్వుల్లోనూ దాదాపు అంతే. చెంచాడు నెయ్యి అన్నంలో కలిస్తే ముద్ద పెరగదు, కానీ 45 కేలరీలు చేరతాయి. ఆకలి బాగా ఉండి, రోజంతా కూర్చుని పనిచేసే నాలాంటి మనిషికి ఏ లెక్క బరువు తెస్తుందో, పిడికెడు మించి తినలేని మనిషికి అదే లెక్క ప్రాణం పోస్తుంది. పసిపిల్లలు, ముసలివాళ్లు, జ్వరం నుంచి లేచినవాళ్లు, వీళ్లందరి గిన్నె చిన్నది. ఆ గిన్నెలో నీళ్లు తగ్గించి సత్తువ పెంచాలి.

ఈ మాట తేల్చింది మా పక్కనే, హైదరాబాద్ తార్నాకలో. ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకుని ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచి నేను కొన్ని వేల సార్లు వెళ్లి ఉంటాను. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పెట్టిన చిన్న ప్రయోగశాల అది. 1958లో ఇక్కడికి వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దాన్ని నడిపించిన డాక్టర్ సి. గోపాలన్ పుట్టింది కూడా 1918లోనే. నూరేళ్లు నిండాక, 2019లో కన్నుమూశారు.

1960లలో ప్రపంచమంతా ప్రొటీన్ కరువు గురించి మాట్లాడుతుంటే, మన పిల్లలకు ముందు కావాల్సింది చాలినంత తిండి అన్నారు గోపాలన్. పొయ్యిలోకి కట్టెలు లేనప్పుడు ఇంటి దూలాన్నే నరికి మంటలో పెట్టుకున్నట్టు, కేలరీలు చాలని ఒళ్లు తిన్న ప్రొటీన్‌ను కూడా మండించేసుకుంటుంది. ఆయన బృందం హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు ఏడాదికి పైగా రోజూ ఇంత తినుబండారం పెట్టింది. అందులో ఉన్నది గోధుమ పిండి, చక్కెర, నూనె, అంతే. 310 కేలరీలు, ప్రొటీన్ మాత్రం 3 గ్రాములు. అది తిన్న పిల్లలు తినని పిల్లలకన్నా ఎత్తూ బరువూ బాగా పెరిగారు. 1973లో అచ్చయిన ఆ నాలుగు పేజీల పరిశోధనంటే నాకు ఎంతో గౌరవం. ఖరీదైన డబ్బా పొడులేవీ లేకుండా పేదింటి అటకమీద ఉండే సరుకులతోనే పని అవుతుందని చూపించింది.

అదే సంస్థ చిక్కిపోయిన పిల్లల కోసం ఒక పొడి తయారు చేసింది. డాక్టరీ చదివే పిల్లల పుస్తకాల్లో దాన్ని 'హైదరాబాద్ మిక్స్' అంటారు. గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు, 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా ప్రొటీన్. మన ఊరి పేరు పెట్టుకున్న ఈ పొడి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పది రోజులకు సరిపడా లెక్కేసుకుని మోండా మార్కెట్‌కు వెళ్లాను. గోధుమలు 400 గ్రాములు, పుట్నాలు 160, పల్లీలు 100, బెల్లం 200. పల్లీలు ఏరడానికే అరగంట పట్టింది. ముడుచుకుపోయినవీ, నల్లబడ్డవీ, బూజు వాసన వచ్చేవీ ఒక్కటి కూడా ఉండకూడదు. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గూడేల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని ఎంతోమంది చనిపోతే, ఆ కారణం వెలికితీసిన వాళ్లలో ఈ తార్నాక శాస్త్రవేత్తలూ ఉన్నారు.

గోధుమలు సన్న మంట మీద చిటపటలాడేదాకా వేయించాను. పల్లీలు విడిగా. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి వెచ్చబెడితే చాలు. గోధుమలు గిర్నీలో పట్టించి, పల్లీలూ పుట్నాలూ ఇంట్లోనే మిక్సీలో ఆపి ఆపి తిప్పాను. ఆపకుండా తిప్పితే పల్లీ నూనె వదిలి ముద్దకడుతుంది. చివర్న తురిమిన బెల్లం.

అమ్మ వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. "గోధుమలు ఇంకా వేగాలె. పచ్చి వాసన ఉన్నది" అంది. జబ్బుపడ్డాక ఆమె వంటకు వంక పెట్టడం అదే మొదటిసారి. నాకెంత సంతోషమైందో!

పాలల్లో చిక్కగా కలిపి, చెంచా నెయ్యి వేసి, రోజుకు మూడుసార్లు చిన్న కప్పుతో ఇచ్చాను. మొదటి వారం సగం కొలతే. బాగా నీరసించిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి ఎక్కిస్తే ప్రమాదం, మరీ చిక్కిపోయిన వాళ్లకు డాక్టరు చూపు కిందే మొదలుపెట్టాలి. షుగరు ఉన్నవాళ్ల బెల్లం సంగతీ డాక్టర్నే అడగాలి. అమ్మకు షుగరు లేదు. అన్నంలోకి నువ్వుల పొడి వచ్చింది, చారుకు బదులు గట్టి పప్పు వచ్చింది.

ఒకరోజు కప్పు చేతిలో పట్టుకుని "ఇది మలీదనే కదనే" అంది. అవును. సద్దుల బతుకమ్మ నాడు రొట్టె నలిపి, బెల్లం నెయ్యి కలిపి ముద్దలు చేసి పంచుకునే మలీద. ఆ పక్కనే నువ్వుల సద్ది, పల్లీల సద్ది. ఈ జ్ఞానమంతా మా అమ్మ చేతుల్లో ఉండగానే, బరువు భయంతో నేను దాన్ని ఇంట్లోంచి బయటికి పంపేశాను. బండి మీద మరిగిన నూనెలో తేలే బజ్జీనీ, పిడికెడు పల్లీలనూ ఒకే గాటన కట్టడం నా తప్పు. తార్నాక సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో 2000 కేలరీల కంచంలో నట్స్‌కూ గింజలకూ కలిపి 35 గ్రాములు, నూనెకు 27 గ్రాములు ఉన్నాయి. నా కంచంలోనూ ఇప్పుడు పల్లీలున్నాయి, కొలిచి వేసుకుంటున్నాను.

ఏప్రిల్ ఆఖరుకు అమ్మ 46 కిలోలు. ఈసారి గోధుమలు తనే వేయించింది, స్టూలు వేసుకుని పొయ్యి ముందు కూర్చుని. పల్లీలు చాటలో పోసుకుని బాల్కనీలోకి వెళ్లింది. చెరుగుతుంటే ఎర్రటి పొట్టు గాలికి లేచి సీతాఫల్‌మండి సందులోకి పోతోంది. గాజులు మణికట్టు దగ్గరే ఆగి చప్పుడు చేస్తున్నాయి.