మందుకీ గుండుకీ మధ్య

పాతకాలపు రైఫిల్ తూటాను నిలువునా కోసి చూపించే బొమ్మలు ఆయుధ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తాయి. చూపు ముందు సీసపు గుండు మీదికి, ఆ తర్వాత మందు మీదికి పోతుంది. పనివాడి అసలు నేర్పు మాత్రం ఆ రెండింటి మధ్య, వేలెడంత కూడా లేని జాగాలో దాగి ఉంటుంది.

ఈ జాగా సంగతి నిజామాబాద్, బోధన్ పల్లెల్లో గొట్టం మూతి నుంచి మందు దట్టించే భర్మార్ తుపాకీని ఎరిగిన పాతతరానికి కొత్తేమీ కాదు. గొట్టంలో ముందు నల్ల తుపాకీమందు పోస్తారు. దాని మీద పీచో గుడ్డపేలికో పెట్టి చువ్వతో దట్టిస్తారు. ఆ తర్వాతే సీసపు గుళ్లు. మందుకీ గుళ్లకీ మధ్య గాలి సందు మిగిలితే పేలుడు ఒత్తిడి ఒకచోట గుమిగూడి గొట్టం ఉబ్బిపోవచ్చు, చీలిపోవచ్చు. ఆ పీచుముక్క చేసే పని అంత పెద్దది.

అదే పనిని ఫ్యాక్టరీ ఎంత శ్రద్ధగా చేసిందో చెప్పడానికి 1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిల్ తూటా చాలు. తర్వాత భారతీయ పటాలాల చేతికీ ఈ రైఫిల్ వచ్చింది. తూటా గొట్టాన్ని వూలిచ్ ఆయుధశాలకు చెందిన ఎడ్వర్డ్ బాక్సర్ పద్ధతిలో పలుచని ఇత్తడి రేకును చుట్టచుట్టి చేసేవారు. లోపల 85 గ్రెయిన్ల నల్ల తుపాకీమందు, అంటే దాదాపు ఐదున్నర గ్రాములు. పైన 480 గ్రెయిన్ల గుండు, అంటే 31 గ్రాములు. పన్నెండు పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపి చేసిన ఆ గుండుకు కాగితం చుట్టేవారు.

ఇక నడుమ భాగం. మందు మీద కాస్త దూది. ఆపైన మెరుగుపెట్టిన అట్ట బిళ్లలు, వాటి మధ్య తేనెమైనం బిళ్ల. దూది మందును కదలనివ్వదు. అట్ట వేడిగాలిని గుండు అడుగుకు నేరుగా తగలనివ్వదు, మైనాన్ని మందులోకి ఇంకనివ్వదు. మైనం తుపాకీ గొట్టంలో పేరుకునే మసిని మెత్తబరిచి, తర్వాతి గుండుకు దారి సాఫీ చేస్తుంది. మూడూ చవక సరుకులే. ఒక్కొక్కటి ఒక్కో పని చేస్తూ, పక్కదాని పనినీ కాపాడుతుంది. నాకు ఈ తూటాలో అన్నిటికన్నా నచ్చేది ఆ వరుసే.

పొగరాని మందు వచ్చాక చిక్కు మారింది. కొత్త మందుకు బలం ఎక్కువ, కాబట్టి కొద్దిగా పోస్తే చాలు. పెద్ద పాత తూటా గొట్టంలో చాలా భాగం ఖాళీ. రైఫిల్‌ను కిందికి వంచితే మందు గుండు వైపు జారుతుంది, పైకెత్తితే అడుగున నిప్పు పుట్టించే క్యాప్ వైపు చేరుతుంది. నిప్పు అందుకునే తీరు మారి, గుండు వేగం కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పాత రైఫిళ్లకు పోత గుండ్లతో సొంతంగా తూటాలు కట్టుకునే విదేశీ షూటర్లు అందుకే ఆ ఖాళీని నింపే ఫిల్లర్ వైపు చూశారు.

వాళ్లు ఎంచుకున్న సరుకులు మనకు అపరిచితమైనవి కావు. కపోక్ అంటే మన దిండ్లలో కూరే బూరుగు దూదే. దాని పోగు లోపల బోలు. బరువు దాదాపు ఉండదు, కానీ విచ్చుకుని జాగా నింపుతుంది. డాక్రాన్ అంటే పాలిస్టర్ దూది. కొందరు మక్క రవ్వో గోధుమ రవ్వో పోస్తారు. రవ్వ గుండు అడుగుకు కవచమవుతుంది, మెత్తటి సీసం వేడిగాలికి కరగకుండా చూస్తుంది. కానీ రవ్వకు బరువుంది. మందు నెట్టాల్సిన భారం పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది. తేమ తగిలి గట్టిపడినా, మెడ సన్నబడిన తూటా గొట్టంలో బిగుసుకున్నా ప్రమాదమే.

దూదితోనూ జాగ్రత్త కావాలి. ఉండలా చుట్టి మందు మీద బిరడాలా నొక్కి, దానికీ గుండుకూ మధ్య ఖాళీ వదిలితే, ఆ ఉండ వేగంగా ఎగిరి గుండు అడుగును గుద్దుతుంది. ఆ చోట తూటా కూర్చునే రైఫిల్ చాంబర్ లోపల గుండ్రటి ఉబ్బు గీత పడొచ్చు. తుపాకీ పనికిరాకుండా పోవడానికి ఆ ఒక్క గీత చాలు. వదులుగా విప్పిన దూది మందు నుంచి గుండు దాకా ఖాళీ అంతా పరుచుకోవాలనేది ఈ అనుభవం నేర్పిన పాఠం. ఫిల్లర్‌తో కలిపి పరీక్షించిన కొలతలకు తప్ప వేరే వాటికి దాన్ని చేర్చకూడదని అనుభవజ్ఞులు పట్టుబట్టేదీ ఇందుకే. అసలు వాడొద్దనే వాళ్లూ తక్కువేమీ లేరు.

మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. కాబట్టి ఈ పనితనాన్ని మనం చూసి తెలుసుకోవాల్సిందే తప్ప చేసి చూడాల్సింది కాదు. పుణే పక్కన ఖడ్కీలో 1869లో మొదలైన తూటాల కర్మాగారం నుంచి భర్మార్ పట్టిన పల్లె వేటగాడి దాకా అందరూ ఎదుర్కొన్న ప్రశ్న ఒక్కటే: ఖాళీని ఏం చేయాలి? బలమైన మందు దొరికితే చాలనుకున్నవాడి కన్నా, ఆ మందు పక్కన ఏముండాలో ఆలోచించినవాడే మంచి పనివాడు.