ఉప్పునీటి తొట్టెలో రాగి వైద్యం

సముద్రపు చేపలను అక్వేరియంలో పెంచేవారిని ఎక్కువగా భయపెట్టే పరాన్నజీవి రోగాలు రెండు: తెల్లమచ్చల జబ్బు, వెల్వెట్. మొదటిదానికి కారణం క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్, రెండోదానికి అమైలూడినియమ్ ఒసెల్లేటమ్. తెల్లమచ్చల జబ్బులో చేప ఒంటిమీద, రెక్కల మీద తెల్లని చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. వెల్వెట్‌లో ఒళ్లంతా సన్నని పసుపు వన్నె పొడి పరుచుకుంటుంది. అయితే ఆ పొడి కంటపడే లోపే మొప్పలు పాడై చేప చనిపోవడం మామూలే. అందుకే చేప వేగంగా ఊపిరి తీస్తున్నా, మేత మానేసినా, పంపు నుంచి వచ్చే ధారకు ఎదురుగా కదలకుండా నిలబడినా మచ్చల కోసం ఎదురుచూడకూడదు.

ఈ రోగాలకు రాగి పాత మందు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియంలో పనిచేసిన రాబర్ట్ డెంప్‌స్టర్, వెల్వెట్ మీద కాపర్ సల్ఫేట్ ఎలా పనిచేస్తుందో 1955లో ప్రచురించారు. తెలుగు రైతులు బోర్డో మిశ్రమంలో సున్నంతో కలిపే మైలుతుత్తం కూడా ఈ కాపర్ సల్ఫేటే.

రాగి ఎక్కడ పనిచేస్తుందో తెలియకపోతే వైద్యం సగంలోనే ఆగిపోతుంది. తెల్లమచ్చల పరాన్నజీవి చేప చర్మం కింద కొన్ని రోజులు తిని పెరుగుతుంది. తర్వాత రాలిపోయి, తొట్టె అడుగున తిత్తి కట్టుకుని, లోపల అనేక పిల్లలుగా విడిపోతుంది. తిత్తి పగిలాక ఆ పిల్లలు ఈదుతూ మరో చేపను వెతుక్కుంటాయి. రాగి చంపేది ఈదే ఆ పిల్లలనే. చర్మం కింద ఉన్నదాన్ని, తిత్తిలో ఉన్నదాన్ని అది తాకలేదు. అంటే మందు వేసిన మర్నాడు మచ్చలు అలాగే ఉంటే మందు పనిచేయలేదని కాదు; వారానికల్లా మచ్చలు పోతే జబ్బు నయమైందనీ కాదు. చాలా తొట్టెల్లో రోగం తిరగబెట్టేది ఇక్కడే. మోతాదు ఒక్కసారి కూడా తగ్గకుండా రెండు వారాల నుంచి నాలుగు వారాల దాకా నిలబెట్టాలి.

ఆ మోతాదు చాలా ఇరుకైనది. కాపర్ సల్ఫేట్ వాడితే నీటిలో రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప మొప్పలు, కాలేయం దెబ్బతింటాయి. 80 లీటర్ల తొట్టెకు కావలసిన కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు సుమారు 63 మిల్లీగ్రాములే. ఇంత తక్కువ తూకాన్ని చిటికెలతో అంచనా వేయడం ప్రమాదం. ముందు గాఢ ద్రావణం చేసుకుని, దాన్ని కొలిచి వేయాలి. చీలేటెడ్ రాగి మందులు, అంటే రాగిని మరో రసాయనంతో బంధించి ఉంచినవి, నీటిలో ఎక్కువకాలం నిలుస్తాయి, కానీ వాటి మోతాదు లీటరుకు 2 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. ఒక రకం మందు అంకెను మరో రకానికి వాడటం, ఒకదాని టెస్ట్ కిట్‌తో మరోదాన్ని కొలవడం చేపల ప్రాణం తీసే పొరపాట్లు. రోజూ కొలిచే ఓపిక లేనివారు రాగి జోలికి పోకపోవడమే మేలు.

వైద్యం ప్రధాన తొట్టెలో చేయకూడదు. పగడాలు, రొయ్యలు, నత్తలు, నక్షత్ర చేపలు రాగిని తట్టుకోలేవు. పైగా లైవ్ రాక్ (సూక్ష్మజీవులున్న పగడపు రాయి), పగడపు ఇసుక రాగిని పీల్చుకుని మోతాదును తగ్గించేస్తాయి. ఇసుక లేని వేరే తొట్టె, అందులో హీటరు, గాలి పంపు, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు చాలు. యాక్టివేటెడ్ కార్బన్‌ను ముందే తీసేయాలి. అమ్మోనియాను కట్టిపడేసే రసాయనాలను రాగితో కలిపి వాడకూడదు. కొన్ని రాగి మందులతో అవి కలిస్తే చేపకు విషమవుతుంది. అమ్మోనియా పెరిగితే నీళ్లు మార్చి, కొత్త నీటికి తగ్గ రాగి కలపడమే సరైన దారి. మందును ఒకేసారి పోయకుండా రెండు మూడు రోజుల్లో మెల్లగా పూర్తి మోతాదుకు తేవాలి. మాండరిన్, మరుగుజ్జు ఏంజెల్ చేపల వంటివి రాగికి సున్నితం. షార్కులకు, టేకు చేపలకు రాగి అసలు వాడరు.

చేపలు వైద్యంలో ఉన్నన్నాళ్లూ ప్రధాన తొట్టెలో ఒక్క చేప కూడా ఉండకూడదు. కొన్ని తిత్తులు 72 రోజుల దాకా పగలకుండా ఉండగలవు కాబట్టి అనుభవజ్ఞులు 76 రోజులు ఖాళీగా ఉంచుతారు. చికిత్స ముగిశాక రాగిని కార్బన్‌తో, నీటి మార్పులతో తీసేసి, చేపలను ఆ వేరే తొట్టెలోనే గమనిస్తూ ఉంచాలి. గడువు నిండాకే వాటిని పాత తొట్టెకు తేవాలి.