రొమ్ము ముక్క ఆఖరున వేయాలి

కోడికూర వండిన ఇంట్లో పిల్లల చూపంతా కాలు ముక్క మీదే. పెద్దవాళ్ళు మెడ, రెక్క అడుగుతారు. కార్జం, కందనకాయ ఎవరికో పొయ్యి దగ్గరే తేలిపోతుంది. చివరకు గంజు అడుగున మిగిలేది రొమ్ము ముక్క. పీచులా ఉందంటారు, పళ్ళలో ఇరుక్కుంటుందంటారు, ఉప్పూకారం లోపలికి పట్టలేదంటారు. నాటుకోడి అయితే ఈ మాటలు ఇంకా గట్టిగా వినిపిస్తాయి. అందులో అబద్ధం లేదు. కానీ అన్ని ముక్కల్నీ ఒకేసారి గంజులో పడేసి ఒకే లెక్కన ఉడికించే అలవాటు వల్లే రొమ్ముకు ఆ చెడ్డపేరు వచ్చిందని నా నమ్మకం.

ఈ మాట చెప్పడానికి నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ మంచి చోటు. ముద్‌ఖేడ్ నుంచి ఆదిలాబాద్ వెళ్ళే రైలు దారిలో, భోకర్ దాటాక వచ్చే తాలూకా కేంద్రం ఇది. పాత పేరు వాఢోణా. పరమేశ్వరుడి గుడి వల్ల ఆ పేరు ఇంకా జనం నోట్లో ఉంది. అటు పెన్‌గంగ నది దాటితే యవత్మాళ్ జిల్లా, ఇటు కిన్వట్ అడవుల మీదుగా వెళ్తే ఆదిలాబాద్. 1948 దాకా ఇదంతా నిజాం రాజ్యం. 1956 నవంబర్ 1న నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి, ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. వంటిళ్ళు ఆ పంపకాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మరాఠీ ఇంట్లో గావరాన్ కోంబ్డీ, తెలుగు ఇంట్లో ఊరకోడి. రెండిళ్ళలోనూ ఎండుకొబ్బరి కాల్చి నూరతారు, ఉల్లిగడ్డ నల్లబడేదాకా వేయిస్తారు, పక్కన జొన్నరొట్టె పెడతారు. మరాఠ్వాడా మసాలాలో రాతిపువ్వు కాస్త ఎక్కువ పడుతుంది, మన వైపు గసాలు, ధనియాలు ముందుంటాయి. తేడా దాదాపు అంతే.

ఈ వంట ఇలా ఎందుకు తయారయిందో తెలియాలంటే ముందు కోడిని చూడాలి. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది. నాటుకోడి కిలో దాటడానికే ఐదారు నెలలు పడుతుంది. పైగా పెట్టను లేతగా ఉండగా ఎవరూ కోయరు. ఏడాదికి 50 నుంచి 80 గుడ్లు పెడుతుంది, పిల్లల్ని పొదుగుతుంది. అల్లుడు వచ్చినప్పుడో, బోనాలకో, పండుగ మరునాడో గానీ దాని మీద చెయ్యి పడదు. అప్పటికి అది పెంటకుప్పలు కెలికి, గోడలెక్కి, రాత్రిళ్ళు చెట్టుమీద పడుకుని కండ గట్టిపడిన జీవి. వయసు పెరిగేకొద్దీ కండను పట్టి ఉంచే జిగురు పొరలు ఒకదానికొకటి గట్టిగా అల్లుకుంటాయి. ఆ పొరలు కరిగి జిగటగా మారాలంటే 70 డిగ్రీలు దాటిన వేడిలో, తడిలో, చాలాసేపు ఉండాలి. అందుకే ముదురు నాటుకోడి గంటకు పైగా ఉడుకుతుంది, ఆ షేర్వా చల్లారితే పెదాలకు అంటుకుంటుంది.

కాలి కండ సంగతి అది. రొమ్ము కండ తీరు వేరు. కోడి ఒక్కసారిగా ఎగరాల్సి వచ్చినప్పుడే దానికి పని. కనుక రంగు తెలుపు, జిగురు తక్కువ, కొవ్వు నూటికి రెండు మూడు పాళ్ళకు మించదు. 65 డిగ్రీలు దాటగానే దాని పీచు ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేయడం మొదలుపెడుతుంది. కాలు మెత్తబడే గంటలో రొమ్ము ఎండిపోతుంది. రెండింటికీ ఒకే కాలం పెట్టడం రొమ్ముకు అన్యాయం చేయడమే.

ఇప్పుడు పద్ధతికి వద్దాం. కోడిని కోశాక వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకుతారు. మిగిలిన నూగు పోవడానికి గడ్డిమంట మీద కాల్చి, పసుపు రాసి, చర్మం బంగారు రంగుకు వచ్చాక కడుగుతారు. ఈ పనిని దయచేసి వదలకండి. తోలు కింద ఉన్న కాస్త కొవ్వే ఈ కోడికి ఉన్న కొవ్వు. దాన్ని ఒలిచి పారేసి తర్వాత నూనె గుమ్మరిస్తే ఆ రుచి రాదు. తోలు కాలిన వాసన షేర్వాలోకి దిగుతుంది, నాటుకోడి కూర వాసన అని మనం అనుకునేదాంట్లో సగం అదే.

ముక్కలు ఎముకతోనే కొట్టించాలి. రొమ్మును మాత్రం విడిగా పెట్టమని కొట్టేవాడికి ముందే చెప్పాలి. కిలో మాంసానికి రెండు చెంచాల ఉప్పు, చెంచా పసుపు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద పట్టించి కనీసం గంట ఉంచాలి. కారం, మసాలా తర్వాత వేసినా నష్టం లేదు, ఉప్పు మాత్రం ముందే పడాలి. మసాలాలన్నీ పై పొర దగ్గరే ఆగిపోతాయి, కండ లోపలిదాకా నడిచేది ఉప్పొక్కటే. అది పీచును వదులు చేసి, ఉడికేటప్పుడు నీరు పోకుండా కొంత ఆపుతుంది. పెరుగు పట్టించడం మంచిదే గానీ రాత్రంతా అక్కరలేదు. పచ్చి బొప్పాయి ముదురు కాలికి పనికొస్తుంది, రొమ్ముకు రాస్తే పైపైన గుజ్జయిపోతుంది, లోపల మారదు. నేనైతే వద్దంటాను.

గంజులో పల్లినూనె కాగాక ఉల్లిగడ్డ వేయించి, కాళ్ళు, మెడ, వీపు, కందనకాయ వేసి వాటి నీరు వాటికే ఇగిరేదాకా కలపాలి. తర్వాత మూత మీద నీళ్ళు పోసి సన్నమంట మీద వదిలేయాలి. ఈ మూతనీళ్ళు రెండు పనులు చేస్తాయి. మూత లోపలి పక్క చల్లగా ఉండి ఆవిరి మళ్ళీ నీరై కూరలోకే జారుతుంది. పైనున్న నీళ్ళు వేడెక్కి, కూరకు నీరు తక్కువైనప్పుడు పోయడానికి సిద్ధంగా ఉంటాయి. చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోతుంది, మళ్ళీ అందుకోవడానికి కాలం పడుతుంది. కట్టెల పొయ్యి మీద మంటను అడుగడుగునా సరిచేయలేని వంటవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది. గ్యాసు పొయ్యి మీద కూడా అంతే బాగా పనిచేస్తుంది.

కాలు ముక్క ఎముక దగ్గర వదులవడం మొదలుపెట్టాక రొమ్ము ముక్కలు వేయాలి. లేతకోడికి ఇరవై నిమిషాలు, ముదురుదానికి అరగంట. కుడుక కాల్చి గసాలు, ధనియాలు, లవంగాలు, చెక్కతో నూరిన ముద్దను కూడా అప్పుడే కలపాలి. కొబ్బరి, గసాల నూనెలే ఈ కొవ్వులేని ముక్క మీద పలచటి పొరలా పడతాయి. కుక్కరు వాడేవాళ్ళు కాళ్ళకు కూతలు పెట్టి, ఆవిరి పోయాక మూత తీసి, రొమ్మును విడి మంట మీద ఉడికించుకోవచ్చు. ఆ ఒక్క మార్పు చాలు.

షేర్వా పలచగా ఉండటం ఈ ప్రాంతపు కూరకు లోపం కాదు. జొన్నపిండిలో సాగే జిగురుండదు, అందుకే వేడినీళ్ళతో కలిపి చేత్తో తట్టి కాలుస్తారు. ఆ రొట్టెను తుంచి షేర్వాలో వేస్తే క్షణంలో పీల్చుకుని మెత్తబడుతుంది. రొమ్ము ముక్కను వేళ్ళతో పీచులుగా విడదీసి దాంట్లో కలుపుకుంటే, ఉడుకులో పోగొట్టుకున్న నీరు పళ్ళెంలో తిరిగి వస్తుంది. ఒక్క కోడి పదిమందికి సరిపోవాల్సిన ఇళ్ళలో పుట్టిన తిండి ఇది. చిన్న ముక్కతో, నిండు గిన్నె షేర్వాతో అందరి కడుపూ నిండేది. ఆ పొదుపులో ఉన్న రుచిని ఇవాళ హోటళ్ళ చిక్కటి గ్రేవీలు ఇవ్వలేకపోతున్నాయి.

ఇదే లెక్క పెద్ద పక్షికీ వర్తిస్తుంది. టర్కీ కోడి, అంటే మన సీమకోడి, మెక్సికో వైపు మచ్చికైన పక్షి. 1612లో గోవా నుంచి జహంగీరు కొలువుకు ఒకటి చేరితే, ఆ కొలువు చిత్రకారుడు మన్సూర్ గీసిన దాని బొమ్మ ఇవాళ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో దాని అడవి జాతి ఇప్పటికీ చెట్లమీద నిద్రపోతూ తిరుగుతుంది. అక్కడ అనుమతితో వేటాడి తింటారు. దాని రొమ్ము మన నాటుకోడి రొమ్ముకు పెద్దన్న, అంతే పొడి, అంతే బిగువు. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ నాడు ఓవెన్‌లో ఎండిన టర్కీ తిని విసుగెత్తిన తెలుగువాళ్ళు అక్కడా ఇదే దారి పట్టవచ్చు.

మన దగ్గర అడవి పక్షుల మాట వేరు. పెన్‌గంగ అభయారణ్యం యవత్మాళ్, నాందేడ్ జిల్లాల్లో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవికోడిని, నెమలిని వేటాడటం నేరం. ఆ రుచి కోసం అడవికి పోనక్కర లేదు కూడా. పెరట్లో తిరిగిన కోడి కండలోనూ అదే గట్టిదనం ఉంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తీసుకొచ్చిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు దొరికినా ఈ వంటకు సరిపోతాయి. అవి త్వరగా ఎదుగుతాయి కనుక ఉడికే సమయం తగ్గించుకోవాలి.

షేర్వా వద్దనుకునేవాళ్ళకు ఇంకో రెండు దారులు. అరకు గిరిజనుల బొంగులో చికెన్‌లో మాంసం పచ్చి వెదురులోని తడితోనే, చుక్క నూనె లేకుండా ఉడుకుతుంది. వెదురు లేనిచోట అరిటాకులో చుట్టి ఆవిరి మీద పెడితే రొమ్ము ముక్కకు బాగా నప్పుతుంది. రెండోది వేపుడు. సీమకోడి రొమ్ము ఒక్కోటి కిలో దాటుతుంది గనుక దానికి ఇదే తేలిక. పీచు ఎటు పోతుందో చూసి, దానికి అడ్డంగా వేలి మందంలో సగం బిళ్ళలుగా కోయాలి. నిలువుగా కోస్తే నోట్లో దారంలా సాగుతుంది. ఉప్పు పట్టించి గంట ఉంచి, బాగా కాగిన పెనం మీద కొద్దికొద్దిగా వేసి, రెండు వైపులా రంగు రాగానే తీయాలి. ముక్క లోపల 74 డిగ్రీలు తాకితే చాలు. కోసి చూస్తే లోపల గులాబీ రంగు పోయి, కారే నీరు తేటగా ఉంటుంది. మిరియాలు, కరివేపాకు, వేయించిన ఎల్లిగడ్డ పొయ్యి దించే ముందు చల్లుకోవాలి.