కెమెరాలో చోటు లేని పసుపు

పసుపు రంగుని ఫొటో తీయాలని బయల్దేరేవాళ్లకి ముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. కెమెరాలో పసుపుకి చోటు లేదు. సెన్సర్ మీద లక్షల కొద్దీ చిన్న గడులుంటాయి. ఒక్కో గడి మీద ఒక్కో రంగు ఫిల్టర్. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంటు వచ్చిన ఈ అమరికలో ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. ఫోన్లలో, కెమెరాల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడేది దీన్నే. ఎర్ర గడికీ ఆకుపచ్చ గడికీ వెలుతురు బాగా అంది, నీలం గడికి అందకపోతే, అక్కడ ఉన్నది పసుపు అయివుంటుందని కెమెరా లెక్కగడుతుంది. లెక్క అన్నాక తప్పే అవకాశం ఉండనే ఉంటుంది.

ఈ కాలమ్ రాసే మనిషికి అన్నిటికన్నా ఇష్టమైన రంగు అదే. తెలుగు ఊళ్లలో ఆ రంగు కోసం వెతుక్కోనక్కర్లేదు. గడప, ఆటో, స్కూలు బస్సు, రైల్వే స్టేషన్ పేరు బోర్డు, జాతీయ రహదారి పక్కన కిలోమీటరు రాయి నెత్తి, బండల్ని ఎత్తిపోస్తున్న జేసీబీ, బంతిపూల గంప... వీధి చివరిదాకా నడిచేలోపు ఇన్నీ కనిపిస్తాయి. కానీ అన్నిటినీ ఒకేలా చూసి ఒకేలా తీస్తే ఆల్బం నిండా ఒకటే పసుపు చేరుతుంది. నిజానికి వీటిలో ఏ రెండూ ఒకటి కావు. ఒకటి పొడి, ఒకటి పెయింటు, ఒకటి రేకు. వీటన్నిటి మీదా పడే వెలుతురు మరొకటి. ఆ తేడా పట్టుకోవడంలోనే ఈ పనికి రుచి.

గడప దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో గడపకి పసుపు ఎనామిల్ పెయింటు వేసేసి, బొట్లు కూడా ఎర్ర పెయింటుతోనే పెట్టేస్తున్నారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాని గడప ఎత్తుకి దించి, పక్క నుంచి పడే పొద్దుటి ఎండలో చూస్తే తెలుస్తుంది. పెయింటు మీద ఎండ తళుక్కుమని, ఆ మెరుపున్న చోట రంగే మాయమవుతుంది. చేత్తో రాసిన పసుపు అలా మెరవదు. దాని మీద వేళ్ల చారలుంటాయి. మూలల్లో ముద్ద మందంగా పేరుకుని ఎండి బీటలిస్తుంది. చీర కుచ్చెళ్లు రాసుకునేచోట, పిల్లలు తొక్కి దూకేచోట పలచబడి, కింద చెక్క ఈనె బయటపడుతుంది. పసుపు తడిగా ఉండగానే కుంకుమ పెట్టినట్టయితే బొట్టు అంచు కాస్త కరిగి చుట్టూ సన్నటి నారింజ గీత ఏర్పడుతుంది. ఎప్పుడో కడిగినప్పుడు చిందిన సబ్బునీటి చుక్కలు ఎర్రటి మచ్చలై కనిపిస్తాయి. పసుపుకి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. సున్నం కలిపి పారాణి చేసేదీ, దిష్టి తీసే ఎర్రనీళ్లు కలిపేదీ ఆ గుణంతోనే. ఒక్క జానెడు గడపలో ఇంత ఉంటుంది. వీధి మొత్తం ఫ్రేములో పట్టించాలని వెనక్కి జరిగితే ఇవన్నీ పోతాయి.

ఇంకొకరి గడప కాబట్టి అడిగి తీయడం మర్యాద. అడిగితే వచ్చే జవాబులు కూడా ఒక్కోసారి ఫొటోకి పనికొస్తాయి. "ఇది మంగళవారం రాసింది నాయనా, వెలిసిపోయింది. రేపు శుక్రవారం, స్నానాలయ్యాక మళ్లీ రాస్తాను, అప్పుడు రా" అంది ఒక పెద్దావిడ. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ ఎండకి తట్టుకోలేదు, వెలుతురులో విరిగిపోయి పాలిపోతుంది. తూర్పు వాకిలి గడపకీ ఉత్తరపు వాకిలి గడపకీ రెండు రోజుల తర్వాత తేడా కనిపించేది అందుకే. పండగనాటి గడపని అందరూ తీస్తారు. వెలిసిన గడప మీద మళ్లీ కొత్త పసుపు పడుతున్నప్పుడు, పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండే ఆ కాసేపట్లో తీసిన బొమ్మ అంతకన్నా విలువైనదని ఈ రచయిత నమ్మకం.

పూల సంగతి వేరు. తంగేడునే తీసుకుందాం. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో తప్పకుండా పేర్చే పువ్వు. రాళ్ల నేలలో, రోడ్డు వారన, ఎవరూ నీళ్లు పోయకుండానే విరగబూస్తుంది. దాని రేకు మీద సన్నటి ఈనెలుంటాయి, కాస్త ముదురు రంగులో. చాలా ఫొటోల్లో ఆ ఈనెలు కనిపించవు, రేకులన్నీ కలిసి పసుపు మరకలా ఉంటాయి. కారణం మొదట చెప్పుకున్న లెక్కలోనే ఉంది. ముదురు ఆకుల మధ్య చిన్న పువ్వు ఉన్నప్పుడు, కెమెరా ఆ చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది. ఎర్ర గడులు, ఆకుపచ్చ గడులు రెండూ నిండిపోతాయి. నిండిన గడికి ఇక చెప్పడానికేమీ ఉండదు. ఫోన్లో అయితే పువ్వు మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగాలి. బొమ్మ కొంచెం చీకటిగా అనిపించేదాకా లాగినా నష్టం లేదు, ఈనెలు దక్కుతాయి.

బంతిపూల గంపకి దీనికి పూర్తిగా ఎదురు పని చేయాలి. ఫ్రేమంతా పసుపే అయినప్పుడు కెమెరా ఇంత వెలుగెందుకని తగ్గించేస్తుంది, బంతులు ఆవపిండి రంగుకి దిగిపోతాయి. అక్కడ సూర్యుడి గుర్తుని పైకి జరపాలి. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లో గానీ, గోదావరి ఒడ్డున కడియపులంకలో గానీ పూల మార్కెట్లో తీసేవాళ్లు నెత్తి మీద ఏముందో కూడా చూసుకోవాలి. నీలం టార్పాలిన్ కింద రాశి పోసిన చామంతి మీద నీలపు వెలుతురు పడి, పువ్వు ఆకుపచ్చకి తిరుగుతుంది. పూలని కదిలించమని అడగనక్కర్లేదు. టార్పాలిన్ అంచు దాటి రెండడుగులు బయటికి వచ్చిన గంప ఒకటి ఎక్కడో ఉంటుంది.

ఇక వెలుతురే పసుపైన సందర్భాలు. ఒకప్పుడు మన నగరాల్లో రాత్రి వీధి అంటే సోడియం దీపం. దాని కింద తెల్ల చొక్కా కూడా పసుపే, పసుపు ఆటో మాత్రం ప్రత్యేకంగా కనిపించేది కాదు. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత వీధి దీపాలను పెద్దయెత్తున ఎల్ఈడీలకి మార్చారు. మిగతా ఊళ్లూ అదే దారి పట్టాయి. రాత్రిపూట రంగులు దేనికవి విడివిడిగా కనిపించడం మొదలైంది. సాయంత్రపు ఎండకి మాత్రం పాత ఇబ్బంది అలాగే ఉంది. ఆ వెచ్చదనాన్ని కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ లోపంగా లెక్కేసి సరిదిద్దేస్తుంది. దాన్ని 'డేలైట్'కి మార్చి ఉంచితే స్టేషన్ బోర్డు మీద పడిన సాయంత్రం సాయంత్రంలాగే వస్తుంది. ఆ బోర్డు పసుపుకి కూడా ఓ కారణం ఉంది. పసుపు మీద నల్ల అక్షరాలు చాలా దూరం నుంచే కంటికి ఆనతాయి, బండి నడిపేవాళ్లకి కావాల్సింది అదే. అందుకని దాన్ని దగ్గరికెళ్లి కాక, ప్లాట్‌ఫారం ఈ చివర నిలబడి, దూరంలో చిన్నగా ఉన్నప్పుడు తీస్తే దాని పని తెలుస్తుంది.

ఫిల్ము రోజుల్లో పసుపుకి ఇంత అవస్థ లేదు. జైపూర్‌లో 1942లో పుట్టి, భారతదేశాన్ని జీవితమంతా రంగుల్లోనే తీసిన రఘుబీర్ సింగ్ వాడిన కొడాక్రోమ్‌లో బొమ్మ ఏర్పడేది మూడు అద్దకాలతో. అందులో ఒకటి అచ్చంగా పసుపు. ఆయన 1999లో పోయారు. 1935లో మొదలైన ఆ ఫిల్ము తయారీ 2009లో ఆగిపోయింది. ఆయన ఫొటోల్లో రంగు మనుషుల పనిలోంచి, వాన తడిలోంచి, రద్దీలోంచి వస్తుంది. రంగు కోసమని ఏదీ తెచ్చి పెట్టినట్టు ఉండదు. ఇష్టమైన రంగుని వెతికేవాళ్లు ఆయన 'రివర్ ఆఫ్ కలర్' పుస్తకాన్ని ఒక్కసారైనా తిరగేయాలి.

సెన్సర్‌లోనూ ఫోన్ తెరలోనూ దొరకని చోటు పసుపుకి అచ్చు యంత్రంలో దొరుకుతుంది. పత్రికల రంగుల పేజీ నాలుగు సిరాలతో అచ్చవుతుంది, వాటిలో పసుపు ఒకటి. భూతద్దం పెట్టి చూస్తే అచ్చులో బంతిపువ్వు చుక్కల కింద విడిపోతుంది. ఎక్కువ పసుపు చుక్కలు, నీడల్లో కొన్ని గులాబి చుక్కలు. గులాబి చుక్కలు పెరిగితే పువ్వు నారింజకి మళ్లుతుంది. నీలం చుక్కలు కొన్ని చేరినా చాలు, వాడిపోయినట్టు మురికి ఆకుపచ్చ వస్తుంది. టార్పాలిన్ కింద తీసిన చామంతిని అలాగే అచ్చుకిస్తే జరిగేది ఇదే. తెర మీద అంతగా కనిపించని నీలం కాగితం మీద బయటపడుతుంది కాబట్టి, ప్రింటు తీయించుకునేవాళ్లు ముందు చిన్న సైజులో ఒకటి వేయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి, పక్కన నిజం పువ్వుని ఉంచి చూసుకోవాలి. ట్యూబ్‌లైటు కింద చూసి సరేననుకోకూడదు.